ఫోన్ యాప్ బీపీ నార్మల్ అంటోంది... మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 47. వరంగల్‌లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తాను. మూడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నా. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.1 వచ్చింది, రోజూ నడవమన్నారు. మా అబ్బాయి ఫోన్‌లో నాలుగు ఉచిత యాప్‌లు వేసిచ్చాడు. ఒకటి ఇవాళ 6,200 అడుగులు అంటే, ఇంకోటి 7,900 అంటుంది. పది వేలు దాటకపోతే టెన్షన్‌గా ఉంటోంది. మరో యాప్‌లో కెమెరా మీద వేలు పెడితే బీపీ 118/76 అని వస్తోంది. ఇక మాత్ర ఆపేయొచ్చా? వీటిలో ఏది ఉంచుకోమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మాత్ర సంగతి. ఆపకండి. తీసేయాల్సింది ఆ బీపీ యాప్‌ను, అదీ ఇవాళే.

కెమెరా మీద వేలు పెట్టగానే ఫ్లాష్ వెలుగు చర్మంలోకి వెళ్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది, దాంతోపాటే వెలుగూ మారుతుంది. ఆ మార్పుల్ని లెక్కపెట్టి నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఫోన్ బాగానే చెబుతుంది. బీపీ అలా కాదు, రక్తం నాళాల గోడల్ని ఎంత బలంగా నెడుతోందో తెలియాలి. మామూలు ఫోన్ కెమెరాకు అది నమ్మకంగా తెలియదు. అమెరికాలో 2014లో ‘ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్’ అని ఒక యాప్ వచ్చింది. ఉచితం కూడా కాదు, జనం డబ్బు పెట్టి కొన్నారు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, బీపీ ఎక్కువున్నవాళ్లు అయిదుగురు ఉంటే దాదాపు నలుగురికి అది బీపీ ఎక్కువ లేదనే చూపించింది. ఇంకో మాట. మీ బీపీ నిజంగానే 118/76 ఉందనుకుందాం. అది మాత్ర వల్లే అలా ఉండొచ్చు.

ఇంట్లో చూసుకోవాలంటే మోచేతికి పైన పట్టీ కట్టే డిజిటల్ మెషిన్ కొనుక్కోండి. అయిదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చున్నాక, చొక్కా చేయి పైకి లాగి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూడాలి. అంతకు అరగంట ముందు టీ తాగొద్దు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, అలా వారం రోజులు కాగితం మీద రాయండి. సగటు 135/85 కన్నా తక్కువుంటే మంచిదే. అప్పుడైనా మాత్ర తగ్గించడమా వద్దా అన్నది మీ డాక్టర్ చూసుకుంటారు. వేలు గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాల జోలికీ వెళ్లకండి. వాటిని నమ్మొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

ఇక అడుగులు. ఫోన్ మీ కాళ్లను చూడదు. లోపలున్న సెన్సర్‌కు తగిలే ఊపును బట్టి అడుగు పడిందని లెక్కేసుకుంటుంది. ఆ లెక్క ఒక్కో యాప్‌కు ఒక్కోలా ఉంటుంది. కౌంటర్ మీద ఫోన్ పెట్టి షాపంతా తిరిగితే ఒక్క అడుగూ ఎక్కదు. మా క్లినిక్‌కు వచ్చే ఒకాయన రోజూ 14 వేలు చూపిస్తుంటే మొదట మెచ్చుకున్నాను. తర్వాత తెలిసింది, గుంతల రోడ్డు మీద బండి నడిపినప్పుడు కూడా అడుగులు పడుతున్నాయని! అందుకే రెండు యాప్‌లను పోల్చొద్దు. ఒకే యాప్‌లో పోయిన వారం, ఈ వారం చూసుకోండి.

పది వేల సంఖ్య డాక్టర్లు పెట్టింది కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన ‘మాన్‌పో–కే’ అనే అడుగుల మీటరు నుంచి వచ్చింది. ఆ పేరుకు అర్థమే ‘పది వేల అడుగుల మీటరు’. 2019లో అమెరికాలో పెద్ద వయసు మహిళల మీద జరిగిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసినవారిలో కూడా, అంతకన్నా బాగా తక్కువ నడిచినవారితో పోలిస్తే మరణాలు తగ్గాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. మీరు వాళ్లకన్నా చిన్నవారు కాబట్టి ఇంకాస్త ఎక్కువే నడవండి. కానీ 6,200 చూసి దిగులు పడక్కర్లేదు. షుగర్ విషయంలో నేనైతే అడుగులకన్నా నిమిషాలే చూస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగం.

మీది ఏ ఫోనో రాయలేదు. శాంసంగ్ అయితే శాంసంగ్ హెల్త్, ఐఫోన్ అయితే ఆపిల్ హెల్త్ చాలు, రెండూ ఉచితమే. వేరే ఫోనైతే కేంద్రం 2021లో తెచ్చిన ఫిట్ ఇండియా యాప్ చూడండి. మిగతావన్నీ తీసేయండి.

తిండి లెక్కల యాప్‌లతో నాకు కొంచెం పేచీ ఉంది. ‘ఒక కప్పు అన్నం’ అంటుంది, ఎవరింటి కప్పు? పప్పు తాలింపులో మీ ఆవిడ ఎంత నూనె వేశారో దానికేం తెలుసు? మన వంటలు బాగా తెలిసినది కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తెచ్చిన ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ ఉంది. దానితోనైనా వారం, పది రోజులు రాసి చూడండి చాలు. అన్నం ఎంత తింటున్నారో అర్థమైపోతుంది.

కొత్తది ఏది వేసినా అది అడిగే అనుమతులు చదవండి. అడుగులు లెక్కపెట్టడానికి మీ కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు ఎందుకు? లొకేషన్ కూడా నడిచిన దారి మ్యాప్‌లో కావాలంటేనే. మందుల గురించిన 24 యాప్‌లను పరిశీలించి 2019లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో రాశారు. వాటిలో 19 యాప్‌లు వాడేవాళ్ల సమాచారాన్ని బయటి సంస్థలతో పంచుకున్నాయి. ‘వారం ఫ్రీ’ అంటూ యూపీఐ ఆటోపే (ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) అడిగితే అక్కడే ఆగిపోండి.

హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి. ఆ రిపోర్టుతోపాటు వారం బీపీ రాసిన కాగితం కూడా మీ డాక్టర్‌కు చూపించండి.