పక్షుల గుంపు మలుపు గురించి చదవాలంటే జువాలజీకి మారాలా?

ప్రశ్న: డిగ్రీ మొదటి ఏడాది, ఫిజిక్స్ చదువుతున్నాను. వందల పక్షులు గాల్లో ఒక్కసారిగా ఎలా మలుపు తిరుగుతాయో తెలుసుకోవాలని కోరిక. ఇంట్లోవాళ్లేమో అది జువాలజీ అంటున్నారు. గ్రూపు మారాలా?

జవాబు: మారకండి. మీది అసలు ఫిజిక్స్ ప్రశ్నే. 1995లో హంగరీ ఫిజిక్స్ శాస్త్రవేత్త తమాష్ విచెక్ బృందం ఒక కంప్యూటర్ మోడల్ ఇచ్చింది. అందులో పక్షి అంటే ఒక చుక్క. ఒకే వేగంతో పోతూ, చుట్టూ ఉన్న చుక్కల సగటు దిశలోకి తిరుగుతుంది, కాస్త తడబాటుతో. ఆ తడబాటు తగ్గించుకుంటూ వస్తే ఒక దశలో చుక్కలన్నీ ఒకే దిక్కు పడతాయి, నాయకుడెవరూ లేకుండానే.

అయితే నిజం పక్షులు ఇంకాస్త గడుసువి. రోమ్‌లో స్టార్లింగ్ అనే పక్షుల గుంపులను కెమెరాలతో కొలిచిన పరిశోధకులు, ఒక్కో పక్షి ఇన్ని మీటర్ల లోపు ఉన్నవన్నీ కాకుండా దగ్గరి ఆరేడింటినే గమనిస్తుందని 2008లో చెప్పారు. 2014లో మలుపునే కొలిచారు. అది పక్కపక్కనే ఉన్న కొన్ని పక్షుల దగ్గర మొదలై, సెకనుకు 20 నుంచి 40 మీటర్ల వేగంతో, దాదాపు బలం తగ్గకుండా గుంపంతా పాకుతుంది. పాత మోడళ్ల లెక్కన ఆ మలుపు కబురు పోనుపోను నెమ్మదించి నీరసపడాలి. తిరగడానికి కూడా ఒక జడత్వం ఉంటుందని సమీకరణంలో చేర్చాకే లెక్క కుదిరింది. ఆ సమీకరణం సూపర్‌ఫ్లూయిడ్ హీలియంలో, అంటే బాగా చల్లబరిస్తే రాపిడి లేకుండా పారే ద్రవ హీలియంలో, వాడే రకం! జువాలజీ సిలబస్‌లో ఇది దొరకదు.

కాబట్టి లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఆపైన స్టాటిస్టికల్ మెకానిక్స్ గట్టిగా పట్టుకోండి. పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి. జంతువుల ప్రవర్తన గురించి విడిగా చదువుకోవచ్చు.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. వీడియోలు చూసి మనసు పారేసుకున్నవాళ్లు చాలామంది ట్రాకింగ్ దగ్గర చల్లబడతారు. ఒక కెమెరాలోని నల్ల చుక్క, రెండో కెమెరాలో ఏ చుక్కో, తర్వాతి ఫ్రేములో ఎక్కడుందో జత కలపాలి. రెండు పక్షులు ఒకదాని వెనక ఒకటి వస్తే మళ్లీ మొదటికే. రోజుల తరబడి ఇదే పని. అచ్చంగా గుంపుల మీద పరిశోధన చేసే ఉద్యోగాలూ తక్కువే. కానీ ఈ ట్రాకింగ్, సిమ్యులేషన్ పని వచ్చినవాళ్లకు డ్రోన్లు, రోబోల వైపు, డేటా వైపు దారి ఉంటుంది. ఇంట్లోవాళ్ల టెన్షన్‌కు ఈ జవాబు చెప్పండి.

ఈ సెలవుల్లో 300 చుక్కలతో విచెక్ మోడల్ రాయండి. అన్నీ ఒకే దిక్కు పట్టాక ఒక మూల పది చుక్కలను 90 డిగ్రీలు తిప్పి, ఆ మలుపు ఎంత దూరం పోతుందో గ్రాఫు గీయండి. పరిశోధన చేయిస్తారా అని ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాసేటప్పుడు మార్కుల జాబితా కంటే ముందు ఆ గ్రాఫు పెట్టండి.