వరంగల్ నుంచి ఒక్కరోజు హైదరాబాద్: సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతోందన్న ప్రశ్నకు జవాబు

మీ ఆవిడతో రైల్లో సికింద్రాబాద్‌లో దిగి, ఒక్కరోజులో ఊరు చూడబోతే సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతోందన్నారు కదా. మీ టైమంతా మింగేస్తున్నది సికింద్రాబాద్ నుంచి చార్మినార్‌కి మాట్లాడుకునే ఆటో. మెట్రోలో వెళ్లండి.

1. ఇక్కడే చాలామంది పొరబడతారు. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర మెట్రో స్టేషన్లు రెండు. ఈస్ట్ ఎక్కితే బ్లూ లైన్, అమీర్‌పేట వైపు పోతుంది. మీకు కావాల్సింది సికింద్రాబాద్ వెస్ట్, గ్రీన్ లైన్. కాస్త నడవాలి గానీ, ఎక్కడా మారక్కర్లేదు, నేరుగా ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దిగుతారు.

2. అక్కణ్ణుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. శుక్రవారం సెలవు. 12 గంటలకి ముందే అక్కడి మ్యూజికల్ గడియారం ముందు కూర్చోండి; బుల్లి బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలూ కొడుతుంది. మీ ఆవిడకి నచ్చుతుంది.

3. తర్వాత చార్మినార్, ఇరానీ చాయ్. గోల్కొండ ఇంకోసారి.

4. తిరుగు టికెట్ మీద ‘హైదరాబాద్’ అని ఉంటే అది నాంపల్లి స్టేషన్. మళ్లీ ఎంజీబీఎస్‌కే వచ్చి, అక్కడే నాంపల్లి వైపు వెళ్లే రెడ్ లైన్ ఎక్కండి.