వాడి బొమ్మ వేసే ముందు

అమ్మడూ,

నువ్వు మీ పిల్లాడి అల్లరి మీద వారానికో కార్టూన్ గీసి నెట్‌లో పెడతావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గీతల సంగతి నీకు నేను చెప్పేదేం లేదు. నాలుగు వారాలకు సరిపడా ముందే వేసిపెట్టుకో. అక్షరాలు పెద్దవిగా రాయి, నాలాంటి ముసలాళ్లు కూడా చూస్తారు.

అల్లరిపిల్లాడిని ఎలా వెయ్యాలో మాత్రం అమెరికా కార్టూనిస్టు హ్యాంక్ కెచమ్ దగ్గర చూడు. ఆయన 'డెన్నిస్ ది మెనేస్' కటింగులు నేను పాత నోటుబుక్కులో అన్నం మెతుకులతో అంటించుకునేవాణ్ణి. ఒక్క గడి, కింద ఒక్క ముక్క. డెన్నిస్ తాను చెడ్డపని చేస్తున్నాననుకోడు, సాయం చేస్తున్నాననే అనుకుంటాడు. సగం నవ్వు పక్కింటి విల్సన్ గారి మొహంలో ఉంటుంది.

1950లో కెచమ్ కొడుకు, నాలుగేళ్లవాడు, గదంతా కిష్కింధ చేస్తే తల్లి ఆలిస్ విసిగిపోయి మీవాడు 'మెనేస్', అంటే పెద్ద పీడ, అందట. 1951 మార్చి 12న 16 పత్రికల్లో కార్టూన్ మొదలైంది. పేరు కూడా వాడిదే పెట్టాడు. బొమ్మలో డెన్నిస్‌కి ఎప్పుడూ అయిదున్నరేళ్లే. ఇంట్లోవాడు పెరిగాడు, పన్నెండేళ్లకే తల్లిని పోగొట్టుకున్నాడు, తండ్రికి దూరమయ్యాడు. కార్టూన్ వల్లే అని నేననను. నా సంగతి మాత్రం నాకు తెలుసు.

మీ బావకి అప్పుడు ఎనిమిదేళ్లు. ప్రోగ్రెస్ కార్డు తీసుకెళ్లి తులసికోటలో పాతిపెట్టి, పైన చెంబెడు నీళ్లు పోశాడు. పొద్దున మీ అత్త పూజ చేస్తుంటే మట్టిలోంచి అట్ట మూల బయటపడింది, లెక్కల్లో వచ్చిన పదకొండు మార్కులతో సహా. పడీపడీ నవ్వాం. ఆ రాత్రే బొమ్మ వేసి, వాడి ముద్దుపేరు పెట్టి ఒక వారపత్రికకు పంపేశాను. అచ్చయింది, పాతిక రూపాయల మనియార్డరు వచ్చింది. ఆ డబ్బుతో వాడికే జామెట్రీ బాక్సు కొన్నాను, చూడు నా తెలివి!

బళ్లో మాస్టారు ఆ పేజీ క్లాసందరికీ చూపించారట. ఇంటికొచ్చి వాడేమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత సైకిల్ మీంచి పడి, మోకాలు చీరుకుపోయి వచ్చాడు. టింక్చర్ రాస్తుంటే ఏడుపు బిగబట్టి, "ఇది కూడా వేస్తావా నాన్నా?" అన్నాడు.

ఇప్పుడు వాడికీ పిల్లలున్నారు. అయినా ఫోన్‌లో నాకేదైనా చెప్పబోయి ఒక్క క్షణం ఆగుతాడు.

అందుకే చెప్తున్నా, పేరు మార్చు. పక్క తడిపినవీ, భయపడి ఏడ్చినవీ అస్సలు వద్దు. మా రోజుల్లో వారపత్రిక నెల తిరక్కుండా బజ్జీల పొట్లమైపోయేది. నీ నెట్‌లో ఏదీ పోదటగా? వేసిన ప్రతిదీ ముందు వాడికి చూపించు. వద్దంటే చెరిపెయ్, ఎంత బాగా వచ్చినా సరే. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, మళ్లీ ఇంకో పిల్లాడు అలా ఆగిపోకూడదని.

నా పాళీలు, ఇండియన్ ఇంకు సీసా పార్సిల్ చేస్తున్నాను. నీకు కాదు, వాడికి. గోడ మీద ఒలకబోస్తాడు, నువ్వు అరుస్తావు. అప్పుడు నీ మొహం ఎలా ఉందో వాణ్ణి వెయ్యమని నాకు పోస్టులో పంపు.

మీ మామయ్య