లెక్కల సందేహాలు: మిగిలినది ఎంత, మిగిలినది ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి. ఎక్కాలు తడబడకుండా చెబుతుంది. అయినా 4,835ను 8తో భాగించమంటే భాగఫలం 64, శేషం 3 అని రాస్తోంది. శేషం సరిగ్గా వచ్చి భాగఫలం ఎందుకు తప్పుతోంది?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: పాపకు ఎక్కాలు వచ్చు, తీసివేతా వచ్చు. తప్పల్లా మధ్యలో సున్నా రాయకపోవడమే. 4,835 కొబ్బరికాయలను 8 మంది వాటాదారులకు పంచుతున్నట్టు చెప్పి చూడండి.

4 వేలను 8 మందికి వేయి చొప్పున పంచలేం. వాటిని వందలుగా మారిస్తే, ఉన్న 8 వందలతో కలిపి 48 వందలు. ఎనిమిదార్లు నలభై ఎనిమిది, కాబట్టి తలా 6 వందలు. వందల్లో ఏమీ మిగల్లేదు. ఇప్పుడు 3 పదులు దించాం. ఎనిమిది మందికి తలా ఒక పది ఇవ్వడానికి 3 పదులు చాలవు. ఎవరికీ పది రాలేదు కనుక భాగఫలంలో పదుల చోట 0 వేయాలి. ఆ 3 పదులూ 5 ఒకట్లతో కలిసి 35 అవుతాయి. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, మిగిలినవి 3. భాగఫలం 604, శేషం 3.

మీ పాప 3లో 8 పోదనుకుని, భాగఫలంలో ఏమీ రాయకుండానే 5ను దించేసింది. మొదట్లో 4లో 8 పోనప్పుడు ఏమీ రాయలేదు కదా, ఇక్కడా అంతే అనుకుని ఉంటుంది. పిల్లల వైపునుంచి చూస్తే అది సబబైన ఆలోచనే. తేడా ఎక్కడుందో విడమరిచి చెప్పాలి. 0604 అన్నా 604 అన్నా ఒకటే కాబట్టి మొదటి సున్నా అక్కర్లేదు. మధ్య సున్నా వదిలేస్తే మాత్రం 6 వందలు కాస్తా 6 పదులైపోతాయి. భాగఫలంలో మొదటి అంకె పడ్డాక, దించిన ప్రతి అంకెకూ పైన ఒక అంకె రాసి తీరాలి. గళ్ల నోటుపుస్తకంలో, ఏ అంకె దించితే సరిగ్గా దాని నెత్తినే భాగఫలం అంకె రాయిస్తే ఖాళీ గడి కంటికి కనబడుతుంది.

సరిచూడడం కూడా అలవాటు చేయండి. 8 × 604 = 4,832, దానికి 3 కలిపితే 4,835. అదే 64 అయితే 8 × 64 = 512 దగ్గరే ఆగిపోతుంది. ఇంకో షరతుంది: శేషం ఎప్పుడూ భాజకంకన్నా తక్కువే ఉండాలి. 50 ÷ 8కు భాగఫలం 5, శేషం 10 అని రాసినా గుణించి కలిపితే 50 వస్తుంది, కానీ 10లో ఇంకో 8 ఉంది. సరైనది 6, శేషం 2. రెండు పరీక్షలూ చేయాలి.

సాధనకు: 6,150 ÷ 6 (1,025), 9,027 ÷ 9 (1,003), 7,214 ÷ 7 (1,030, శేషం 4). చివరిది తప్పకుండా చేయించండి, దాంట్లో ఆఖరి సున్నా కూడా జారిపోతుంది.

ప్రశ్న: 5,000 రూపాయలతో పెట్టె 600 చొప్పున ఆత్రేయపురం పూతరేకులు ఎన్ని పెట్టెలు వస్తాయన్న లెక్కలో సున్నాలు కొట్టేసి 50 ÷ 6 చేశాను. 8 పెట్టెలు, 2 మిగులు. మిగిలేది రెండు రూపాయలేనా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: కాదు, 200 రూపాయలు. రెండువైపులా రెండేసి సున్నాలు కొట్టేయగానే మీరు వందల్లో లెక్క చేస్తున్నారు. 50 వందల్లో 6 వందలు ఎనిమిదిసార్లు పోయి 2 వందలు మిగిలాయి. భాగఫలం మారదు, శేషానికి మాత్రం కొట్టేసిన సున్నాలు తిరిగి చేర్చాలి.

ప్రశ్న: 2,000 కిలోల ధాన్యం, బస్తాకు 75 కిలోలు. క్యాలిక్యులేటర్ 26.6666666 చూపింది. 26 బస్తాలు పోగా 66 కిలోలు మిగులుతాయా?
– ఒక రైతు, తణుకు

జవాబు: చుక్క తర్వాత ఉన్నవి కిలోలు కావండీ, బస్తాలో భాగం. 26 × 75 = 1,950, మిగిలేది 50 కిలోలు. క్యాలిక్యులేటర్‌తోనే తేల్చాలంటే వచ్చినదాంట్లోంచి 26 తీసేసి 75తో గుణించండి. 49.99… అని చూపితే 50 అని తీసుకోవాలి. రెండంకెలకే కత్తిరించి 0.66 × 75 చేస్తే 49.5 వచ్చి అరకిలో తేడా పడుతుంది.

ప్రశ్న: లంకకు దాటాల్సినవారు 130 మంది, పడవకు 40 మంది. జవాబు 3 అనాలా, 4 అనాలా?
– పదో తరగతి విద్యార్థి, రాజోలు

జవాబు: 3, శేషం 10. ఆ పదిమందినీ ఒడ్డున వదిలేయలేం, ఉన్న మూడు విడతల్లో సర్దనూకూడదు. నాలుగు విడతలు కావాలి. అదే 130 కాయల్ని 40 చొప్పున బస్తాలకెత్తితే ఎన్ని నిండు బస్తాలని అడిగితే 3 అనే చెప్పాలి. భాగహారం ఒక్కటే, అడిగినదాన్నిబట్టి శేషాన్ని వదలాలో, దానికోసం ఒకటి పెంచాలో తేల్చుకోవాలి.