ఖాళీ షెల్సే కదా అనుకోవద్దు

ప్రశ్న: పన్నెండేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాను. షూటింగ్ రేంజిలో .308 కాలిబర్ రైఫిల్ కాల్చి, ఖాళీ షెల్స్ (పేలిన తూటాల లోహపు తొడుగులు) ఏరుకొచ్చి ఇంట్లో రీలోడ్ చేసుకోవడం, అంటే మళ్లీ తూటాలుగా నింపుకోవడం నా హాబీ. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేస్తున్నాం. రైఫిల్ అమ్మేశాను, తుపాకి మందు, దాన్ని అంటించే ప్రైమర్లు తేవడం లేదు. రీలోడింగ్ ప్రెస్, షెల్‌ను మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు (సైజింగ్ డై), మూడొందల ఖాళీ షెల్స్ సామాన్ల కంటైనర్‌లో వేసుకోవచ్చా? నాన్నగారికి .315 రైఫిల్ లైసెన్సు ఉంది.

జవాబు: వేసుకోవద్దండి. మందు లేదు కాబట్టి ఇబ్బంది లేదనుకుంటున్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 2 తీసి చూడండి. తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ‘తూటాలు’ అన్న నిర్వచనంలోకే వస్తాయి. అంటే అరచేతిలో పట్టే ఆ స్టీలు డై కూడా కాగితం మీద తూటాయే. దిగుమతి చేసుకోవాలంటే సెక్షన్ 10 కింద లైసెన్సు ఉండాలి.

అమెరికాలో సొంతానికి రీలోడ్ చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. ఇక్కడ తయారీకి లైసెన్సు ఉండాలనే సెక్షన్ 5కి ఆ తేడా లేదు. కాల్చాక ఉబ్బిన షెల్‌కు జారడానికి లూబ్ రాసి డైలోకి నొక్కుతారు, పాత ప్రైమర్ టక్కున కింద పడుతుంది, షెల్ మళ్లీ కొలతకొస్తుంది. మీకది ఆదివారం కాలక్షేపం. పోలీసులు దాన్ని తయారీ అని రాస్తారు. లైసెన్సు లేని తయారీకి 2019 సవరణకు ముందు 3 నుంచి 7 ఏళ్ల శిక్ష ఉండేది. ఇప్పుడు కనీసమే 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు.

షెల్‌తో చేసిన కీచైన్లు అందరి దగ్గరా ఉన్నాయిగా అంటారేమో. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగానికి సెక్షన్ 45(డి) మినహాయింపు ఇస్తుంది. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటాతో ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డవాళ్లు ఈ సెక్షన్‌నూ, తెలిసి ఉంచుకోలేదన్న వాదననూ పట్టుకునే కోర్టుకెళ్తారు. షెల్స్ పక్కనే ప్రెస్, డై ఉంటే ఉద్దేశం లేదని ఏ మొహం పెట్టుకుని వాదించను? తెలియదందామంటే ప్యాకింగ్ లిస్టు రాసింది మీరేనాయె.

నాన్నగారి లైసెన్సు రైఫిల్ దగ్గర ఉంచుకోవడానికే, తయారీకి కాదు. తూటాలు డీలర్ దగ్గర, లైసెన్సులో రాసినంత మేరకే కొనుక్కోవాలి. పైగా .308 షెల్ ఆ .315లో పట్టనే పట్టదు.

అక్కడే రేంజి స్నేహితులెవరికైనా ఇచ్చేయండి. కంటైనర్ ఇప్పటికే ఓడెక్కి ఉంటే, క్లియరింగ్ ఏజెంట్ ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే నాకు రాయండి. అప్పుడు చెప్పాల్సిన సలహా వేరు.