వేలాడుతున్న గోరును ఇంట్లోనే కత్తిరించవచ్చునా?

ప్రశ్న: మా ఆరేళ్ల నాటు కుక్క ముందుకాలి లోపలివైపు గోరు మూడు రోజుల క్రితం మేడమెట్ల గ్రిల్లులో ఇరుక్కుని సగానికి చీలింది. రక్తం ఆగింది కాని ముక్క వేలాడుతూనే ఉంది. పసుపు అద్ది గుడ్డ చుట్టాము. అది ఎంతసేపూ నాకుతూనే ఉంటోంది. ఆ ముక్కను మేమే కత్తిరించవచ్చునా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: కత్తిరించవద్దు. కుక్క గోరు పైకి కొమ్ములా కనిపించినా లోపల రక్తనాళమూ నరమూ ఉన్న సజీవ భాగం ఉంటుంది. చీలిన ముక్క దానిని అంటుకొని ఉన్నంతకాలం, అడుగు వేసినా నాకినా కదిలి నొప్పి పుట్టిస్తుంది. అది తనంతట రాలుతుందని వేచి చూడటం వల్ల ఆ బాధ పొడిగించడమే అవుతుంది. పశువైద్యులు అవసరమైతే మత్తు ఇచ్చి, మూలం దాకా శుభ్రంగా తీసివేస్తారు. మీకు దగ్గరలోనే, వేపేరిలో, 1903లో స్థాపితమైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

పసుపు గురించి ఒక మాట. అది తడిసి ముద్దకట్టి గాయాన్ని కప్పివేస్తుంది, పైగా దాని రంగు కింద వాపు, ఎరుపు పైకి కనబడవు. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చెంచా ఉప్పు కలిపి కడిగి, గాజుగుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. చెన్నై ఉక్కలో తడి కట్టు చీము పట్టడానికి చాలు. కనుక కట్టు వదులుగా ఉండాలి, తడిసిన వెంటనే మార్చాలి. నాకకుండా మెడకు గరాటు వంటి కాలరు తొడగండి. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది, అందుచేత కడిగేటప్పుడు మరొకరి సాయం తీసుకోండి. మన ఇళ్లలో ఉండే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు మాత్రం ఇవ్వకండి. ఇవి కుక్కలకు విషతుల్యం కావచ్చు.

మళ్లీ రక్తం కారితే గాజుగుడ్డతో పది నిమిషాలు ఎత్తి చూడకుండా అదిమి పట్టండి. మొక్కజొన్న పిండి అద్దినా ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఒంటిమీద పిడుదులు ఉన్నాయా లేవా అన్నది తప్పక చెప్పండి, ఎందుకంటే పిడుదుల ద్వారా సోకే ఎర్లీకియా జ్వరంలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) తగ్గి చిన్న గాయం నుంచి కూడా రక్తం ఆగకుండా కారవచ్చు.

గోరు తిరిగి పెరగడానికి కొన్ని నెలలు పడుతుంది. మీరు చెప్పిన ఆ లోపలి గోరు నేలకు తగలదు కనుక అరగదు, వంపు తిరిగి పెరిగి ఇలా ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. రెండో కాలికి కూడా అదే గోరు ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లినప్పుడు దానినీ కత్తిరింపించుకుని రండి.