ఎస్‌ఎస్ పార్టుల మీద హీట్ నంబరు చెరిగిపోకుండా ఎలా వేయాలి? లేజర్ కొనాలా?

విశాఖ ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపు, ఎస్‌ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక గ్రేడు) షాఫ్టులు, స్లీవులు, కొన్ని ఎంఎస్ (మామూలు మైల్డ్ స్టీలు) బ్రాకెట్లు. ప్రతి పీసు మీదా హీట్ నంబరు, అంటే ఆ స్టీలు ఏ కొలిమి పోతలోదో చెప్పే మిల్లు నంబరు, ఉండాలంటున్నారు, లేజర్ మిషన్ తీసుకోవాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ముందు ఏ పీసు మార్కు పడ్డాక ఇంకా ఏయే పనులకు వెళ్తుందో రాసుకోండి. పద్ధతిని తేల్చేది అదే.

బ్రాకెట్లు గాల్వనైజింగ్‌కు (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) వెళ్తాయంటే లెటర్ పంచే, అంటే సుత్తితో కొట్టి అక్షరం దించే అచ్చే, సరైన దారి. 6 మి.మీ. దాటిన ప్లేటు మీద జింకు పూత సగటున 85 మైక్రాన్లు ఉండాలి. పైపైన గీసిన మార్కులన్నీ అందులో పూడిపోతాయి. 8 మి.మీ. అక్షరాలు తీసుకుని, కింద గట్టి దిమ్మ పెట్టి, ఒకే దెబ్బ వేయండి. రెండో దెబ్బకు పంచ్ కాస్త జరిగినా 3 కాస్తా 8లా కనబడుతుంది.

షాఫ్టు మీద మాత్రం సీలు, బేరింగు కూర్చునే చోట, స్టెప్పు మూలల్లో పంచ్ కొట్టొద్దు. లోహం అంచు పైకి లేస్తుంది, ఆ గుంట దగ్గరే ఫెటీగ్ పగులు (పదేపదే పడే లోడుకు వచ్చేది) మొదలవ్వచ్చు. చివరి ముఖం మీద వేయండి. పల్చటి స్లీవుకైతే అసలు వద్దు, బోరు (లోపలి రంధ్రం) వంకరపోతుంది. ఎస్‌ఎస్‌కు పంచ్ సెట్టు విడిగా ఉంచండి. ఎంఎస్ మీద వాడిన పంచ్ ఇనుప రేణువులను అంటిస్తుంది, మన విశాఖ ఉప్పుగాలికి అక్కడ తుప్పు చుక్కలు త్వరగా తేలతాయి.

మీ ఎస్‌ఎస్ పీసులకు నేను చెప్పేది ఎలక్ట్రోకెమికల్ ఎచింగ్, అంటే స్టెన్సిల్ పెట్టి, ఉప్పు ద్రవం, కరెంటుతో లోహం మీద అక్షరాలు దించడం. పెట్టుబడి తక్కువ, గుద్దుడు లేదు, పల్చటి స్లీవుకూ పనికొస్తుంది. పీసును అసిటోన్‌తో తుడవండి. కటింగ్ ఆయిల్ మిగిలితే మార్కు మచ్చలుమచ్చలుగా పడుతుంది. స్టెన్సిల్ ముడత లేకుండా పరిచి, క్లిప్పు పీసుకు తగిలించండి. మార్కింగ్ తలకు ఉండే ఫెల్ట్ (ఒత్తు గుడ్డ) ఎలక్ట్రోలైట్‌తో, అంటే ఆ ఉప్పు ద్రవంతో, తడిగా ఉండాలి గానీ కారకూడదు. కారితే ద్రవం స్టెన్సిల్ కిందికి పాకి అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. డీసీలో రెండు మూడు సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు అద్దితే లోతు వస్తుంది, తర్వాత ఏసీలో అద్దితే నలుపు వస్తుంది. పాసివేషన్ (తుప్పు పట్టకుండా ఎస్‌ఎస్‌ను ఆమ్లంలో శుద్ధి చేయడం) ఇంకా ఉంటే లోతు మీదే ఆధారపడండి, ఆ ఆమ్లంలో నలుపు వెలిసిపోవచ్చు. అయిపోగానే న్యూట్రలైజర్ (మిగిలిన ఎలక్ట్రోలైట్‌ను విరిచే ద్రవం), మంచినీళ్లు, గాలితో ఆరబెట్టడం. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మిగిలిన ఉప్పు అక్షరాల చుట్టూ గోధుమరంగు తెస్తుంది.

లేజర్ విషయానికొస్తే, కోడ్ స్కాన్ అవ్వాలనో, రోజూ వందల పీసులనో అంటేనే ఆలోచించండి. 20 వాట్ల ఫైబర్ లేజర్ చాలు. మార్కింగ్‌కు వాడే చిన్న సీవో2 లేజర్ పూత లేని స్టీలు మీద మార్కు వేయలేదు. నల్లగా మెరిసే మార్కు వేడితో పుట్టిన ఆక్సైడ్ పొర. అక్కడ 316కి తుప్పును తట్టుకునే గుణం తగ్గుతుంది, సముద్రపు నీటికి వెళ్లే పార్టుకు అది మంచిది కాదు.

మార్కర్ పెన్నుతో తాత్కాలికంగా రాసేటప్పుడు క్లోరైడ్ తక్కువున్నదే వాడండి, వెల్డింగ్‌కు ముందు తుడిచేయండి.

అసలు నంబరు పోయేది మార్కింగ్ దగ్గర కాదు, లేత్ మీద. 304 (ఎస్‌ఎస్‌లోనే మరో గ్రేడు), 316 చూపుకు ఒకటే, అయస్కాంతం పెట్టినా తేడా తెలియదు. అందుకే బారు కోయకముందే మిగిలే ముక్క మీదికి నంబరు ఎక్కించండి, ఇన్‌స్పెక్షన్ ఉంటే ఇన్‌స్పెక్టర్ ఎదుటే. టర్నింగ్‌లో మార్కు పోతుంది కాబట్టి ఒక హీటు పీసులు ఒకే ట్రేలో, కార్డుతో సహా ఉండాలి. ఆ ట్రేకి ఎచింగ్ పూర్తయ్యాకే రెండో హీటు బారు లేత్ ఎక్కాలి. నంబరు తెలియని పీసు దొరికితే ఊహించి రాయకండి. మాలిబ్డినం చుక్క పరీక్ష 316 అవునో కాదో చెబుతుంది గానీ హీట్ నంబరు చెప్పదు, ఆ పీసును పక్కన పెట్టాల్సిందే.